కాలని యూనిట్లు

ఈరీ పట్నంలో సరస్సు మీది గాలి
లైబ్రరీ మెట్లెక్కి వచ్చి
మాకంటే ముందే విచారణ గదిలో కూర్చుంది.
మడత కుర్చీలు నలభై, మనుషులు పదకొండుగురు.
గోడవార నేను, నా చిన్న మిషను.
ఇక్కడ నోరు తెరిచిన ప్రతివాళ్ళ మాటా
నా వేళ్ళ కిందుగానే కాగితమెక్కాలి.

రాష్ట్రం కరెంటు కంపెనీకి పెట్టిన పరీక్ష ఇది:
నిరుడు అమ్మినదాంట్లో నూటికొక పాలు
ఈ ఏడు అమ్మకుండా చూపించు.
చూపిస్తే సరే,
లేకుంటే జరిమానా.

కంపెనీ వకీలు హాలొరన్‌ది వెన్నలాంటి గొంతు.
"చూపించాం" అన్నాడు.
తెర మీద ఒక గీత పైకి పోతోంది,
దాని కింద ఇంకొకటి, చుక్కలు చుక్కలుగా.
"రెంటి నడుమా ఉన్న ఖాళీయే మేం చేసిన ఆదా."

ఖాళీ టైపు చెయ్యడానికి నా మిషన్లో మీట లేదు.
ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను:
సాక్షి గుటక మింగడం,
జవాబుకు ముందు కిటికీకేసి చూడడం,
ఇవేవీ రికార్డుకెక్కవు.
జరగనిదాన్ని కొలిచి చూపేవాళ్ళంటే
నాకు కొంచెం అసూయ.

కమిషన్ ఇంజనీరు ఒడెట్ అడిగింది,
"మీరు లేకపోతే ఏమై ఉండేదో మీకెలా తెలుసు?"
వకీలు చెప్పాడు. రెండు పేజీలు చెప్పాడు.
నాకు పేజీకింత.

అప్పుడు లేచింది లొరెయిన్ గ్రాబౌస్కి.
తూర్పు పన్నెండో వీధి, వందేళ్ళ చెక్క ఇల్లు,
పైన పటారం, లోన లొటారం.
సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.
నీలం అక్షరాల్లో కంపెనీ పేరు. ఆరు బల్బులు. విప్పని సీలు.

"పోస్టులో వచ్చింది బాబూ.
మా వంటింటి లైటుకు తీగ కాలిపోయి రెండేళ్ళు,
బల్బు మారిస్తే వెలుగుతుందా?
చలికాలమంతా కిటికీ సందుల్లో తువ్వాళ్ళు కుక్కుతాను.
ఆ కిటికీల కోసం ఎవరూ రాలేదు.
మీ లెక్కలో నేనెంత ఆదా చేశాను?"

ఒడెట్ కాగితాలు తిప్పింది.
"ఏడాదికి నూట ఎనభై యూనిట్లు."

ఎవరో నవ్వారు.
నవ్వుకు మీట ఉంది. కొట్టాను.

జడ్జి అడిగాడు, పెట్టెను సాక్ష్యంగా దాఖలు చేస్తారా అని.
"ఇస్తే నాకు తిరిగొస్తుందా?"
"ఇప్పట్లో రాదు."
ఆమె ఆలోచించింది.
గది మొత్తం ఆమెతో పాటు ఆలోచించింది.
హీటరు ఒక్కటే గుర్రుమంటోంది.
"అయితే ఒకటి ఉంచుకుంటాను, పడకగది లైటుకు."
గోటితో సీలు చీల్చి,
ఒక బల్బును చేతిగుడ్డలో చుట్టుకుని
మిగతాది ముందుకు తోసింది.

సాక్ష్యం నంబరు ఏడు: పెట్టె ఒకటి, బల్బులు ఐదు.
కంపెనీ లెక్కలో ఆరో వంతు
నిజమయ్యే వీలు అప్పుడే పుట్టింది.

ఇంటికి పోతూ, మంచులో కారు నడుపుతూ,
కంపెనీని మనసారా తిట్టుకోలేకపోయాను.
నాదీ అమ్ముకునే బతుకే.
ఎవరైనా వచ్చి
"వచ్చే ఏడు నూటికొక మాట తక్కువ రాయి,
రాయని మాటలకు లెక్క చూపించు" అంటే
నేను మాత్రం ఏం చేస్తాను?
ఒక గీత గీసి, దాని కింద చుక్కలు పెడతాను.
ఒడెట్‌లాంటి మనిషి ఎదురుగా కూర్చుని
ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా గోకి చూస్తే తప్ప.

రాత్రి పదకొండున్నర. శుద్ధప్రతి నూట పన్నెండు పేజీలు.
హాలొరన్ ముప్పై నాలుగు.
లొరెయిన్ ఒకటిన్నర.

నలభై ఒకటో పేజీలో, ఆమె ఆలోచించిన చోట,
నిబంధన ఒప్పుకోకపోయినా
ఒక అడ్డగీత పెట్టాను.

దానికి డబ్బు రాదు.